మొక్కను ముక్క అని చదివిన పాప: సదస్సు నుంచి ఒక టీచరు తెచ్చుకున్న నోటుబుక్కు

ఒక ప్రాథమిక బడి టీచరుతో కలిసి దాదాపు ఏడాది చేసిన పని గురించి రాసుకున్న కేసు ఇది. ఊరు, బడి, మనుషులు ఎవరో తెలియకుండా ఇందులో కొన్ని వివరాలు మార్చాను. టీచరుగారి అనుమతితోనే రాస్తున్నాను. ఆమె దీన్ని చదివి రెండు చోట్ల నన్ను సరిదిద్దారు కూడా.

నేపథ్యం

ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం నేర్పే టీచర్లకు తోడుగా ఉండటం నా పని. నెలకు రెండుసార్లు బడికి వెళ్తాను, తరగతిలో వెనక కూర్చుంటాను, సాయంత్రం టీచరుతో మాట్లాడతాను. తనిఖీ చేసే అధికారం నాకు లేదు. మార్కులు వేయను, రిపోర్టు పంపను. ఈ సంగతి ముందే చెప్పకపోతే టీచర్లు మనసులో మాట బయట పెట్టరు.

బడి రాయలసీమ పడమటి అంచున, కన్నడ సరిహద్దుకు దగ్గర్లో ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇద్దరే టీచర్లు. హెడ్మాస్టరుగారు మూడు పెద్ద తరగతులు చూసుకుంటారు. ఈ కేసులోని టీచరుగారు ఒకటి, రెండు తరగతులు చూస్తారు. పెద్ద తరగతుల్లో చదవడం రాని పిల్లలు కూడా పూటలో సగం సేపు ఆమె గదిలోనే కూర్చుంటారు. ఊళ్ళో వాన ఆధారపు సేద్యం. దీపావళి దాటాక ఒక్కో ఇంటికీ తాళం పడటం మొదలవుతుంది. సంక్రాంతి తర్వాత గుంటూరు వైపు మిరపకాయ కోతలకు వెళ్ళే కుటుంబాలు పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతాయి.

టీచరుగారి సర్వీసు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పని ఎగ్గొట్టే మనిషి కాదు. బడికి అందరికంటే ముందు వచ్చేది ఆమే. పిల్లల పేర్లే కాదు, వాళ్ళ అవ్వల పేర్లు కూడా ఆమెకు తెలుసు.

సమస్య ఎలా కనిపించింది

జూలైలో మొదటిసారి వెళ్ళాను. రెండో తరగతిలో ఒక బాబు లేచి పాఠం గడగడా చదివాడు. ఎక్కడా తడబడలేదు. నేను వాడి పక్కకు వెళ్ళి నిలబడ్డాను. నోరు మూడో వాక్యం చెబుతోంది, వేలు ఇంకా మొదటి వాక్యం మీదే ఉంది. పేజీలో చివరి వాక్యం నోట అయిపోయేసరికి వేలు సగంలో ఉంది. వేలు అక్కడే ఆపి పుస్తకం మూసేశాడు. అదే పాఠంలోని ఒక పదం పలక మీద రాసి చూపించాను. వాడు పలక చూడలేదు, మేడమ్ ముఖం చూశాడు.

సాయంత్రం టీచరుగారు తనంతట తానే మాట ఎత్తారు. "వాడికి చదవడం రాదని నాకు తెలుసు సార్. వీళ్ళలో చానామందికి రాదు. ముందైతే రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది. దానికే భయంగా ఉంది."

నా నోటుబుక్కులో ఆ రోజు రాసుకున్నది ఆ చివరి మాటే. ఆమెకు పద్ధతులు తెలియక కాదు. తాను ఏం చేసినా పిల్లవాడిలో తేడా వస్తుందన్న నమ్మకం పోయింది. ఇది బద్ధకం అనుకుంటే మనం చేసే ప్రతి పనీ తప్పుదారి పడుతుంది.

పిల్లల పరిస్థితి తేల్చుకోవడానికి, పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు చూసే అసర్ సర్వేలో వాడే మెట్లనే తీసుకున్నాం: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. చదవడంలో వెనకబడ్డ పందొమ్మిది మందిని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చూశాం. ఎప్పుడూ చూడని పేరాను చదవగలిగినవాళ్ళు ముగ్గురు. మిగతావాళ్ళు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో మాత్రం తెలిసింది, ఎందుకు ఆగారో తెలియలేదు. ఆ తేడా అప్పుడు నాకూ తట్టలేదు.

మొదట చేసినవి

మొదట నేనే తరగతి తీసుకుని చూపించాను. పాటతో, బొమ్మలతో, ఆటతో నలభై నిమిషాలు. పిల్లలు ఎగిరి గంతేశారు. టీచరుగారు వెనక కూర్చుని చూశారు, చివర్లో "బాగుంది సార్" అన్నారు. మరుసటి వారం వెళ్తే ఏమీ మారలేదు. ఎందుకు మారుతుంది? నేను ఒక పూట వచ్చే మనిషిని. నా వెనక మధ్యాహ్న భోజనం లెక్క లేదు, యాప్‌లో ఎక్కించాల్సిన ఫోటోలు లేవు, పక్క వరసలో ఏడ్చే ఒకటో తరగతి పిల్ల లేదు. నా పాఠం ఆమెకు దారి చూపలేదు. తన అలసటను తనకే ఎత్తి చూపింది.

తర్వాత వారానికో ప్రణాళిక రాసిచ్చాను. ఏ రోజు ఏ అక్షరం, ఏ కృత్యం అన్నీ గళ్ళలో. గళ్ళన్నీ నిండేవి. తరగతిలో మాత్రం 'క'కు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ పాట సాగుతూనే ఉండేది. ఇది నా తప్పే. నమ్మకం లేని మనిషి చేతికి ఇంకో ఫారం ఇచ్చాను. ఆమె దాన్ని మిగతా ఫారాల్లాగే మర్యాదగా నింపారు.

సదస్సుకు ఎందుకు పంపాను

ఆగస్టు చివర్లో నా ముందు మూడు దారులు ఉన్నాయి. ఇంకో శిక్షణకు పంపడం ఒకటి. ఆమె అప్పటికే లెక్కలేనన్ని శిక్షణల్లో కూర్చున్నారు. చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ 2021లో మొదలైనప్పటి నుంచి పునాది అక్షరాస్యత అనే మాట వినని టీచరే లేరు. రెండోది, మండలంలో బాగా నడుస్తున్న బడికి తీసుకెళ్ళి చూపించడం. దానికి నేను వెనకాడాను. తెలిసినవాళ్ళ బడి చూస్తే పోలిక మొదలవుతుంది, పోలిక ఆమెను ఇంకా కుంగదీస్తుందని భయం. మూడోది, సెప్టెంబరులో బెంగళూరులో చిన్న పిల్లల చదువు మీద జరిగే రెండు రోజుల సదస్సు. అక్కడ పరిశోధకులతో పాటు తరగతి గది టీచర్లు కూడా తమ పని చార్టుల మీద పెట్టి చెబుతారు. నన్ను లాగింది అదే. పద్దెనిమిదేళ్ళుగా ఆమె వింటూనే ఉన్నారు. చెప్పే స్థానంలో తనలాంటి టీచరును చూడలేదు.

ఆమెకు మాత్రం వెళ్ళాలని లేదు. ఇంట్లో అత్తగారికి ఒంట్లో బాగుండదు. రెండు రోజులు ఆన్ డ్యూటీ ఇస్తే తరగతి ఎవరు చూస్తారని హెడ్మాస్టరుగారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. ఆ రెండు రోజులూ నేనే బడిలో ఉంటానని ఒప్పుకున్నాను. ఆ మాట ఇవ్వకపోతే ప్రయాణం జరిగేది కాదు. ఇలాంటి చోట్లకు టీచరును పంపేటప్పుడు టికెట్టు, ఫీజు గురించి ఆలోచిస్తాం గానీ వెనక తరగతిలో ఎవరుంటారని ఎవరూ ఆలోచించరు.

మొదటి రోజు రాత్రి ఫోన్ చేశారు. గొంతులో ఉత్సాహం లేదు. "పెద్దపెద్ద స్లైడులు సార్. అవి వాళ్ళ బడులు." రేపు ఉదయం ఉపన్యాసాలకు వెళ్ళొద్దని, చార్టులు పెట్టిన హాల్లో ఊరికే తిరగమని మాత్రం చెప్పాను.

రెండో రోజు సాయంత్రం ఆమె గొంతు వేరు. మాట ఆగలేదు. ఒక కన్నడ టీచరు చార్టు దగ్గర ఆగారట. చార్టు మీద రంగులు లేవు, ఫోటోలు లేవు. ఒకే ఒక పాప ఎనిమిది వారాల్లో ఏ మాటను ఏమని చదివిందో వరసగా రాసి ఉంది. పక్కన బల్ల మీద అసలు నోటుబుక్కు, వానకు తడిసి అట్ట ఉబ్బిపోయింది. సరిహద్దు ఊళ్ళ మనిషి కాబట్టి మా టీచరుగారికి కన్నడం వస్తుంది. ఇద్దరూ టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. "నాలాంటి టీచరే సార్. రెండు తరగతులు, ఒకే గది. ఆమె చేతిలో ఉన్నది నా చేతిలోనూ ఉంది. నోటుబుక్కు, పెన్ను."

అదే రోజు విన్న ఇంకో మాట ఆమెకు చాలా ఊరట ఇచ్చింది. సొనాలి నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లల మీద చేసిన పని 2007లో అచ్చయింది. మన లిపుల్లో పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడటానికి మూడు, నాలుగు తరగతుల దాకా సమయం పడుతుందని అందులో తేలింది. ఇంగ్లిషులో ఇరవయ్యారు అక్షరాలతో పని మొదలవుతుంది. మనకు ముప్పయ్యారు హల్లుల గుణింతమే నాలుగు వందలు దాటుతుంది, ఒత్తులు వేరే. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ళు కాబట్టి అక్కడ తేలిన సంగతి మనకు చాలావరకు పనికొస్తుంది. తన పిల్లలు మందబుద్ధులూ కాదు, తాను చేతగానిదీ కాదు, దాటాల్సిన దారే పొడవని ఆమెకు మొదటిసారి అనిపించింది.

తిరిగొచ్చాక దెబ్బతిన్నది

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఈ భాగం.

ఆమె ఇరవై మూడు పేజీల నోట్సుతో వచ్చారు. సోమవారం నుంచే అన్నీ మొదలుపెట్టారు. గోడ నిండా పదాలు, పొద్దున్నే బోర్డు మీద పలకరింపు వాక్యం, పెద్ద పుస్తకం, గుడ్డ బొమ్మలు, మూలన పుస్తకాల చాప, నాలుగు గుంపులు. సొంత డబ్బుతో చార్టులు, జిగురు కొన్నారు. రాత్రి పదకొండు దాకా కత్తిరింపులు. నేను వెళ్ళి చూసి పొంగిపోయాను. ఫోటోలు తీసి టీచర్ల గ్రూపులో పెట్టాను. అభినందనలు వచ్చి పడ్డాయి.

మూడో వారానికి అంతా కూలింది. ఒక గుంపు దగ్గర ఆమె కూర్చుంటే మిగతా మూడు గుంపులు కొట్లాటలో ఉండేవి. గోడ మీద పదాలు ఊడి రాలితే తిరిగి అంటించే ఓపిక లేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, సిలబస్ ఎక్కడిదక్కడే ఉంది. హెడ్మాస్టరుగారు గట్టిగా ఏమీ అనలేదు గానీ గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళేవారు, ఆమెకు అది చాలు. దసరా సెలవుల తర్వాత నేను వెళ్ళేసరికి గోడలు ఖాళీ. చాప చుట్టి బీరువా పైన పెట్టేశారు.

"అక్కడ బాగనే ఉంటది సార్. ఇక్కడ జరగదు."

జూలైలో ఉన్న నిరాశ కంటే ఇది ప్రమాదకరం. అప్పుడు ఆమెకు దారి కనిపించలేదు. ఇప్పుడు దారి కనిపించి, నడిచి, తాను నడవలేనని రుజువు దొరికినట్టు అనిపించింది. సదస్సుల నుంచి వచ్చిన టీచర్లు చాలామంది ఈ చోటే శాశ్వతంగా వెనక్కి తిరుగుతారు. మనం మాత్రం ఆరు నెలలకు ఇంకో సదస్సుకు పేర్లు రాస్తూ ఉంటాం.

నేనెక్కడ తప్పానో ఆ రాత్రి కూర్చుని రాసుకున్నాను. ఆమె అన్నీ మొదలుపెట్టినప్పుడు మెచ్చుకున్నాను, వీటిలో ఏది ఉంచుకుంటారని అడగలేదు. ఫోటోలు పెట్టి, నలుగురికీ కనిపించాల్సిన భారం ఆమె మీద మోపాను. ఫోటోలో బాగా పడేది గోడ. వానకు తడిసిన నోటుబుక్కు ఫోటోలో బాగుండదు. ఫోన్లో ఆమె అంతసేపు మాట్లాడింది ఆ నోటుబుక్కు గురించే కదా, దాన్ని నేనూ మరిచిపోయాను, ఆమె కూడా మరిచిపోయారు.

ఒక్కటి మాత్రమే

నవంబరు మొదట్లో ఆమెను ఒకే ప్రశ్న అడిగాను. "ఆ ఇరవై మూడు పేజీల్లో ఏ పేజీని మళ్ళీ మళ్ళీ తిప్పారు?" ఆమె వెతకలేదు. నోట్సు తీయగానే అక్కడే తెరుచుకుంది. కన్నడ టీచరు చార్టును చేత్తో గీసుకున్న పేజీ. మడతల దగ్గర చిరిగే స్థితిలో ఉంది.

మిగతావన్నీ వదిలేద్దాం అన్నాను. వదిలేయడానికి అనుమతి కావాలి టీచర్లకు. హెడ్మాస్టరుగారిని కూడా కూర్చోబెట్టుకుని, డిసెంబరు చివరిదాకా ఈ ఒక్క పనే చూస్తామని, సిలబస్ మామూలుగా నడుస్తుందని మాట్లాడుకున్నాం.

పిల్లవాడు చదువుతుంటే పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాసుకునే ఈ పని కొత్తది కాదు. న్యూజిలాండ్‌లో మేరీ క్లే అనే పరిశోధకురాలు దీనికి రన్నింగ్ రికార్డ్ పేరుతో ఒక పద్ధతి ఏర్పరిచారు. అది ఇంగ్లిషు చదువుకు పుట్టిన పద్ధతి. మన బడికి సరిపడేలా కొన్ని నిర్ణయాలు మేమే తీసుకోవాల్సి వచ్చింది.

రోజుకు ఎంతమంది? ఆమె ఐదుగురు అన్నారు, నేను ఇద్దరు అన్నాను. ఐదుగురితో మొదలుపెడితే నాలుగో రోజుకు ఆగిపోతుందని అక్టోబరు మాకు నేర్పింది. ఇద్దరైతే ఎంత పనిలోనైనా కుదురుతుంది. ఎప్పుడు? హాజరు అయ్యాక, మిగతా పిల్లలు చూచిరాత రాసుకునే పది నిమిషాల్లో. ఏం చదివించాలి? పాఠ్యపుస్తకం వద్దు, అది వాళ్ళకు నోటికి వచ్చు. ఎప్పుడూ చూడని నాలుగైదు వాక్యాలు ఆమే రాసిస్తారు.

దేన్ని లెక్కపెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. నిమిషానికి ఎన్ని పదాలు అన్న కొలత తెలుగులో ఇబ్బంది పెడుతుంది. 'చదువుకుంటున్నాడు' ఒక్క పదమే. పిల్లవాడు అందులో ఆరు అక్షరాలు సరిగ్గా చదివి ఒక్కటి తప్పితే పదం మొత్తం తప్పు అంటే వాడికి వచ్చినదంతా తుడిచేసినట్టే. 2022లో మూడో తరగతి పిల్లల మీద దేశమంతటా జరిగిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీ కూడా ఇరవై భాషలకు ఒకే గీటురాయి పెట్టలేదు, భాషకో ప్రమాణం పెట్టింది. మేము పదం రాసి, దాని పైన పిల్లవాడు అన్నది అన్నట్టు రాయాలనుకున్నాం. తప్పు, ఒప్పు గుర్తులు పెట్టకూడదు. చదివేటప్పుడు దిద్దకూడదు. ఈ ఆఖరిది ఆమెకు చాలా కష్టమైంది. మొదటి వారం పెదవులు బిగబట్టి కూర్చునేవారు. దిద్దితే పిల్లవాడు మన ముఖం చూసి చదవడం మొదలుపెడతాడు. జూలైలో ఆ బాబు పలక వదిలేసి మేడమ్ ముఖం చూసింది గుర్తు చేశాను.

రెండో వారం గురువారం నేను అక్కడే ఉన్నాను. రెండో తరగతి పాప చదువుతోంది. 'అవ్వ మొక్క నాటింది' అన్న వాక్యం. పాప 'అవ్వ ముక్క నాటింది' అంది. టీచరుగారు మొక్క పైన ముక్క అని రాసుకున్నారు. అంతా అయ్యాక, దిద్దకుండా, "ఇది ఎట్లా చదివావో చెప్పమ్మా" అని అడిగారు. పాప వేలు పెట్టి చూపించింది. "ఇదో, కొమ్ము ఉంది గదా మేడమ్."

టీచరుగారు ఆ అక్షరం వైపు కాసేపు చూస్తూ ఉండిపోయారు. 'కొ' రాయాలంటే 'క' నెత్తిన ఒత్వం పెడతాం. 'మొ'కు అలా రాయం. 'మ'కు ఎత్వం పెట్టి పక్కన కొమ్ము తగిలిస్తాం. పాటలో మాత్రం రెండూ ఒత్వమే. పాప చెవికి విన్నది నమ్మకుండా కంటికి కనిపించింది నమ్మింది. కొమ్ము ఉంది కాబట్టి ము. పాప లెక్క తప్పు కాదు. మనం చెప్పని సంగతి ఒకటి ఆ అక్షరంలో ఉంది. 'యొ'దీ 'ఘొ'దీ ఇదే దారి. 'వ' పక్కన కొమ్ము మామూలుగా పెడితే 'మ' అయిపోతుంది కాబట్టి 'వు'లో కొమ్మును కిందికి దించి రాస్తాం, 'పు'కూ అంతే. ఇవన్నీ మనకు చేతికి అలవాటైపోయి కంటికి కనిపించడం మానేశాయి.

"పద్దెనిమిదేళ్ళు మొక్కని ముక్క అంటే తప్పని కొట్టేశాను సార్. ఎందుకన్నావని ఎవరినీ అడగలే." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇందులో తన తప్పు ఎంతో ఆమె లెక్కేసుకుంటున్నారని అర్థమై నేను మాట మార్చలేదు. కాసేపటికి ఆమే "ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూద్దాం" అన్నారు. ఉత్సాహం తిరిగొచ్చిందని నాకు తెలిసింది ఆ మాటతో. సదస్సు నుంచి వచ్చిన రోజు ఉన్న వెలుగు వేరు, ఇది వేరు.

శనివారాల్లో ఆ వారం రాసిన పది పేజీలు ముందేసుకుని తప్పుల్ని కుప్పలు పెట్టేవారు. ఒత్తు వదిలేసేవి ఒక కుప్ప: అక్కను 'అక' అనడం. దీర్ఘం, హ్రస్వం తేడా పోయేవి ఒకటి. ప, వ, మ, ష కలగలిసేవి ఒకటి. మొదటి రెండు అక్షరాలు చూసి మిగతాది ఊహించేవి ఇంకొకటి. నాలుగు వారాలకు బొమ్మ స్పష్టమైంది. విడి అక్షరాలు దాదాపు అందరికీ వచ్చు. ఒత్తుల దగ్గర సగం కంటే ఎక్కువ మంది ఆగుతున్నారు. మేము మాత్రం జూన్ నుంచి అందరికీ అక్షరాలే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాం. వారానికి ఒక్క కుప్ప చొప్పున తీసుకుని రోజూ పదిహేను నిమిషాలు దాని మీదే పని చేశారు.

చదివించడానికి వాక్యాలు అయిపోవడంతో ఇంకో మార్పు వచ్చింది. పిల్లలు చెప్పిందే బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. కిందటేడు కోతలకు వెళ్ళొచ్చిన ఒక పాప చెప్పింది: "మిరపకాయలు కోసి కోసి అమ్మ చేతులు మండతాయి. రాత్రి నన్ను ముట్టుకోదు." తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. 'మండతాయి' అని రాయాలా, 'మండుతాయి' అని రాయాలా అని టీచరుగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. పాప అన్నట్టే రాయమన్నాను. తాను అన్న మాటే అక్షరాల్లో కనిపించడం ఆ పిల్లకు ముందు కావాలి, పుస్తకంలో మాట ఎట్లా ఉంటుందో వచ్చే వారం పక్కన రాసి చూపించవచ్చు. మరుసటి రోజు ఆ రెండు వాక్యాలను, ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలు కూడా ఆగకుండా చదివారు. అమ్మలో మకు మ ఒత్తు, ముట్టుకోదులో టకు ట ఒత్తు.

నోటుబుక్కు మేము ఊహించని పని ఒకటి చేసింది. ఒక బాబు తప్పులు ఏ కుప్పలోనూ పడలేదు. సోమవారం చదివిన మాట బుధవారం తప్పేవాడు, క బదులు గ, త బదులు ద, ఒక్కోసారి సరిగ్గానే. నెల పేజీలు వరసగా చూస్తుంటే టీచరుగారికి అనుమానం వచ్చింది. అక్షరాలు చూపించకుండా, వెనక నుంచి మాటలు చెప్పి తిరిగి అనమన్నారు. అప్పుడూ అవే తప్పులు. చెవిలో చీము కారుతోందని ఇంట్లో తెలుసు, అదే పోతుందిలే అనుకున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపించాం. వాడిని రెండేళ్ళుగా 'ధ్యాస లేని పిల్లోడు' అనే అన్నారు అందరూ.

ఏప్రిల్‌లో

పందొమ్మిది మందిలో ఆరుగురు కోతలకు వెళ్ళిపోయారు. బడిలో మిగిలిన పదముగ్గురిలో తొమ్మిది మంది కొత్త పేరాను చదివారు. ముగ్గురు పదాల దగ్గర ఉన్నారు. చెవికి మందు వాడుతున్న బాబు అక్షరాల నుంచి పదాలకు ఎక్కుతున్నాడు. జూలైలో వేలు ఒక చోట, నోరు ఒక చోట పెట్టిన పిల్లవాడు ఇప్పుడు నెమ్మదిగా చదువుతాడు, ఆగి ఆగి చదువుతాడు. వేలు, నోరు మాత్రం ఒకే అక్షరం మీద ఉంటాయి. వినేవాళ్ళకు వాడు వెనకబడ్డట్టు అనిపించవచ్చు. నాకు ఆ ఏడాదిలో కనిపించిన పెద్ద మార్పు అదే.

ఇదంతా నోటుబుక్కు వల్లే అని నేను చెప్పను. పిల్లలకు తొమ్మిది నెలల వయసు పెరిగింది, చివర్లో తరగతిలో సంఖ్యా తగ్గింది.

ఈ కేసు నుంచి నేను మార్చుకున్నవి

ఇప్పుడు సదస్సు నుంచి వచ్చిన టీచరును మొదటి నెల ఏమీ చేయమని అడగను. ఏం చూశారు, ఎవరితో ఎక్కువసేపు మాట్లాడారు అని మాత్రం అడుగుతాను. ఉపన్యాసం కంటే పక్క టీచరుతో తాగిన టీలో ఎక్కువ దొరుకుతుంది, దాన్ని పట్టుకోవడానికి ఎవరైనా అడగాలి. తరగతి ఫోటోలు గ్రూపులో పెట్టడం మానేశాను.

ఇద్దరు పిల్లలు, పది నిమిషాలు అన్న కొలత నాకు చాలా ముఖ్యం. ఒక పనిని పెళ్ళిళ్ళ సీజన్లో, పరీక్షల వారంలో, జ్వరంతో వచ్చిన రోజున కూడా చేయగలిగితేనే దాన్ని టీచరుకు ఇవ్వాలి. అక్టోబరులో మేము పండుగ రోజు బలాన్ని చూసి పని పెట్టుకున్నాం.

ఇంకోటి, టీచరు నిరాశకు మందు ప్రోత్సాహం అనుకునేవాణ్ణి. ఆమెకు ఊపిరి పోసింది నా మెప్పు కాదు, "కొమ్ము ఉంది గదా మేడమ్" అన్న మాట. పిల్లల బుర్ర పని చేయడం కళ్ళారా చూడటం. సదస్సులో కన్నడ టీచరు చార్టు ఆమెకు చూపించింది కూడా అదే. కాకపోతే వేరేవాళ్ళ పిల్లలో చూడటానికి, తన ముందు కూర్చున్న పిల్లలో చూడటానికి మధ్య రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలల్లో ఆమె దాదాపు జారిపోయారు.

ఇప్పుడు ఎక్కడున్నాం

కోతలకు వెళ్ళిన ఆరుగురి సంగతి మేము తేల్చలేకపోయాం. వెళ్ళేముందు ఒక్కొక్కరి చేతిలో వాళ్ళు చెప్పిన వాక్యాలతో కుట్టిన చిన్న పుస్తకం పెట్టి పంపారు టీచరుగారు. జూన్‌లో నలుగురు తిరిగొచ్చారు. ఇద్దరు చాలావరకు నిలబెట్టుకున్నారు, ఇద్దరు మళ్ళీ ఒత్తుల దగ్గరికి జారారు. మిగతా ఇద్దరు ఇంకా రాలేదు. ఒక పాప పుస్తకం మిరపకాయల మూటల మధ్య ఎర్రగా, ఘాటుగా తిరిగొచ్చింది. టీచరుగారు దాన్ని బీరువాలో నోటుబుక్కుల పక్కన పెట్టారు. ఆ నోటుబుక్కులు ఇప్పుడు నాలుగు.

ఈ ఏడు సంక్రాంతికి ముందే వలస పిల్లల సీజనల్ హాస్టల్ చూసుకునేవారితో మాట్లాడాలని అనుకున్నాం. తల్లిదండ్రులు ఒప్పుకుని హాస్టల్లో ఉంచే పిల్లలతోనైనా సాయంత్రం పది నిమిషాలు కూర్చునే మనిషి కావాలి. పదో తరగతి చదివిన ఒక అమ్మాయి ముందుకొచ్చింది. మొన్న శనివారం టీచరుగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఏం రాయాలో చూపిస్తున్నారు. అమ్మాయి ఎర్ర పెన్ను తీసింది. టీచరుగారు దాన్ని తీసుకుని నీలం పెన్ను ఇచ్చారు.